అద్దంలో కనపడని సగం

తెలుగు మగవాడి జీవితంలో ఒక్క పూట మాత్రం సింగారానికి ఎవరూ అడ్డు చెప్పరు. పెళ్ళికొడుకును చేసే పూట అది. పీట మీద కూర్చోబెట్టి ముత్తయిదువలు నలుగు పెడతారు. నూనె మర్దించి, సున్నిపిండితో రుద్ది మంగళస్నానం చేయిస్తారు. గోళ్ళు తీయిస్తారు, కాళ్ళకు పారాణి పూస్తారు, బుగ్గన చుక్క పెడతారు, కొన్ని ఇళ్ళలో కాటుక కూడా దిద్దుతారు. ఎంతటి మీసాలరాయుడైనా ఆ పూట కిక్కురుమనడు. పారాణి వెలిసిపోయాక అదే మనిషికి మడమల పగుళ్ళకు రాసుకోమని ఓ క్రీము చేతికిస్తే, "మగాడికి ఈ సోకులేంటి?" అని పక్కన పడేస్తాడు.

ఆ ప్రశ్న పూర్వీకులది కాదు. వాత్స్యాయనుడు కామసూత్రంలో నగరంలో బతికే మగవాడి దినచర్యకు ఒక అధ్యాయమే కేటాయించాడు. రోజూ స్నానం, రోజు విడిచి రోజు ఒళ్ళు పట్టించుకోవడం, మూడో రోజున నురగ వచ్చే పదార్థంతో రుద్దుకోవడం, నాలుగో రోజున గడ్డం, అయిదో రోజునో పదో రోజునో ఒంటి మీది మిగతా వెంట్రుకలు. చంకల్లో చెమట ఎప్పటికప్పుడు తుడుచుకోవాలన్న సంగతి కూడా ఆయన వదల్లేదు. తీరికా డబ్బూ దండిగా ఉన్న రసికుడి టైంటేబుల్ ఇది, రోజుకూలీది కాదు. అయినా చంకల చెమటను మర్యాదకు సంబంధించిన విషయంగా చూసినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. తెలుగునాట చూస్తే, కొండవీటి రెడ్డిరాజుల కాలంలో సుగంధద్రవ్యాల వ్యాపారం చేసిన అవచి తిప్పయ సెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. తెలుంగరాయడనే పాలకుణ్ణి కస్తూరి ఇమ్మని శ్రీనాథుడు అడిగిన చాటువు ఇప్పటికీ తెలుగు మేష్టార్ల నోట వినిపిస్తుంది. కస్తూరి అడిగినందుకు శ్రీనాథుడి మగతనాన్ని ఎవరూ శంకించలేదు.

మగవాళ్ళకు అలంకారం అంటే పడదని ఎవరైనా అంటే నమ్మాల్సిన పని లేదు. పడనిది రోజువారీ అలవాటు. పల్లెల్లో క్షౌరవృత్తి వాళ్ళు ఇంటికే వచ్చి అరుగు మీద గడ్డాలు గీసేవారు, జుట్టు కత్తిరించేవారు, గోళ్ళు తీసేవారు. పంట ఇంటికొచ్చాక వాళ్ళ వాటా గింజలు కొలిచి ఇచ్చేవారు. పండగ తలంట్లు అమ్మదో అమ్మమ్మదో బాధ్యత. మగవాడి ఒంటి సంరక్షణంతా ఇంకొకరి చేతి పని. అరుగు మీది క్షౌరం పోయింది, అమ్మ చేతి తలంటు పోయింది. ఆ పని మాత్రం మగవాడి చేతికి పూర్తిగా రాలేదు. సైకిలు తొక్కడం దగ్గరుండి నేర్పే తండ్రి, గడ్డం గీసుకోవడం దగ్గరికొచ్చేసరికి రేజరు ఎక్కడుందో చెప్పి ఊరుకుంటాడు. చంకల సంగతి, గజ్జల సంగతి అయితే ఆ ఇంట్లో ఎవరి నోటా రావు.

ఇంట్లో రోజూ గడ్డం గీసుకోవడం అనే అలవాటు జనంలో పాకి సుమారు 120 ఏళ్ళే. కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికన్, వాడి పారేసే బ్లేడుతో రేజరు అమ్మడం మొదలుపెట్టిన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సర్కారు సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లు కొన్నాక ఆ కంపెనీకి తిరుగులేకపోయింది. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన సైనికుడు ఆ అలవాటునూ వెంట తెచ్చుకున్నాడు.

మన దగ్గర మగవాళ్ళ అలవాట్లు మార్చే పని సినిమాలు చేశాయి. అక్కినేని సన్నమీసం ఒక తరానికి మోజు. చిరంజీవి స్టెప్ కటింగ్ ఇంకో తరానికి. 2017లో అర్జున్ రెడ్డి, 2018లో రంగస్థలం, కేజీఎఫ్, 2021లో పుష్ప వచ్చేసరికి గడ్డం లేనివాడు హీరో కాడేమో అనిపించే పరిస్థితి. నున్నటి గడ్డంతోనే అభిమానుల్ని సంపాదించుకున్న మహేశ్‌బాబు కూడా 2019లో మహర్షి కోసం గడ్డం పెంచాడు. వెండితెర మీద పెరిగిన గడ్డానికి బజారులో నూనె పుట్టింది. అహ్మదాబాదు కుర్రాళ్ళు పెట్టిన బియర్డో కంపెనీని పారాచూట్ కొబ్బరినూనె అమ్మే మారికో 2020 నాటికి పూర్తిగా కొనేసింది. అంతకు చాలాముందే కడలూరు నుంచి వచ్చిన చిక్ షాంపూ ప్యాకెట్లు పల్లెల్లో కిళ్ళీకొట్ల ముందు తోరణాల్లా వేలాడి, కుంకుడుకాయను పండగలకే పరిమితం చేశాయి. మగవాడు ఖర్చు పెట్టడనే మాట ఇప్పుడు చెల్లదు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ ఖర్చంతా నలుగురికీ కనపడే చోటికే పోతోంది. గడ్డానికి నూనె, జుట్టుకు మైనం, చొక్కాకు సెంటు. చొక్కా కింద, సాక్సు లోపల, నడుం చుట్టూ ఏం జరుగుతోందో పట్టించుకునే నాథుడు లేడు. డాక్టరు దగ్గరికి మగవాళ్ళను ఆలస్యంగా తీసుకొచ్చేవి ఈ రెండో రకం చోట్లే కాబట్టి, ఈ అధ్యాయంలో గడ్డానికి దక్కే చోటు తక్కువ.

తక్కువ అన్నా, గడ్డం సంగతి ముందు తేల్చేయాలి. వెంట్రుక నీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానితే మెత్తబడుతుంది. అందుకే స్నానం తర్వాత గీసుకునే గడ్డం సాఫీగా వస్తుంది, హడావుడిగా పొడి మొహం మీద గీసుకున్నది మంట పుట్టిస్తుంది. వెంట్రుక ఏ వైపు వాలి ఉందో ఆ వైపుకే గీయాలి. గడ్డం కింద, మెడ మీద ఆ వాలు ఒక్కో మనిషిలో ఒక్కో రకంగా ఉంటుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. రింగుల గడ్డం ఉన్నవాళ్ళు అయిదు బ్లేడ్ల రేజరు మీద మోజు తగ్గించుకోవడం మంచిది. అది వెంట్రుకను పైకి లాగి చర్మం మట్టానికి దిగువన కోస్తుంది. కోసిన మొన వంకర తిరిగి చర్మంలోకే పెరుగుతుంది. మెడ మీద నొప్పెట్టే ఎర్రటి పొక్కులు చాలామందికి అలా వచ్చినవే. వాళ్ళకు ఒంటి బ్లేడు రేజరో, కాస్త మొదళ్ళు వదిలే ట్రిమ్మరో నయం.

అయ్యప్ప మాల వేసి 41 రోజులు గడ్డం పెంచిన స్వాములు, భార్య కడుపుతో ఉందని నెలల తరబడి పెంచిన భర్తలు ఒకేసారి నున్నగా గీసేయాలనుకుంటారు. ముందు ట్రిమ్మరుతో పొట్టి చేసి, ఆ తర్వాతే బ్లేడు పెట్టాలి. నెలల తర్వాత వెలుగు చూస్తున్న చర్మం అది. ఆ రోజు దానిమీద ఘాటైన ఆఫ్టర్‌షేవ్ పోయకపోతే మంచిది.

ఇక చెమట. చెమటకు స్వతహాగా వాసన లేదు. చంకల్లో, గజ్జల్లో ఉండే ఒక రకం స్వేదగ్రంథులు కాస్త చిక్కటి స్రావాన్ని వదులుతాయి. చర్మం మీది బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు కంపు పుడుతుంది. గల్ఫ్ నుంచి బావగారు తెచ్చిన సెంటు బుడ్డీ, పాతబస్తీలో పత్తర్‌గట్టి అంగళ్ళలో కొన్న అత్తరూ ఈ బాక్టీరియాను ఏమీ చేయలేవు. కంపు మీద పరిమళం చేరి మూడో వాసన తయారవుతుంది, సిటీ బస్సులో పక్కన నిలబడ్డవాళ్ళకు అది బాగా తెలుసు. డియోడరెంటు వాసనను అణిచిపెడుతుంది. యాంటీపెర్స్పిరెంటులో ఉండే అల్యూమినియం లవణాలు చెమట నాళాల మూతులను తాత్కాలికంగా మూస్తాయి. దీన్ని పొద్దున్నే హడావుడిలో తడి చంకల్లో రాసుకుంటే పెద్దగా పనిచేయదు. రాత్రి పడుకునే ముందు, చెమట లేని పొడి చర్మం మీద రాసుకోవాలి. చంకల్లో వెంట్రుకలు పొట్టిగా కత్తిరించుకుంటే వాసన కొంత తగ్గవచ్చు. పాలిస్టరు చొక్కా నూలు చొక్కా కంటే కంపును ఎక్కువ పట్టి ఉంచుతుంది. ఉతికిన చొక్కా వేసుకున్న అరగంటకే వాసన వస్తోందంటే తప్పు మనిషిది కాకపోవచ్చు, బట్టది.

ఈ అధ్యాయంలో అసలు చోటు తామరకు ఇవ్వాలి. ఎండలు, ఉక్కపోత, రోజంతా బండి మీద బిగుతు జీన్సు. గజ్జల్లో ఎర్రటి మచ్చ మొదలై, అంచు గట్టుకట్టి గుండ్రంగా పాకుతుంది. దురదకు రాత్రి నిద్ర పట్టదు. భార్యకు చెప్పడానికి సిగ్గు, డాక్టరుకు చూపించడానికి ఇంకా సిగ్గు. మిగిలింది మెడికల్ షాపు. "దురదకు ఏదైనా ట్యూబు ఇవ్వన్నా" అని గొంతు తగ్గించి అడగ్గానే, అవతలాయన ఏమీ అడక్కుండా ఒక ట్యూబు చేతిలో పెడతాడు. తరచుగా అందులో మూడు మందులు కలిసి ఉంటాయి. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడు. రెండు రోజుల్లో దురద మాయం. మందు అద్భుతంగా పనిచేసిందని ఆ పేరు స్నేహితులకూ చెబుతాడు.

ఆ రెండు రోజుల సుఖం స్టెరాయిడుది. అది మంటను, ఎర్రదనాన్ని అణుస్తుంది. దాంతోపాటు ఫంగస్‌తో పోరాడుతున్న చర్మం శక్తినీ అణుస్తుంది. ట్యూబు ఆపగానే తామర రెట్టింపై తిరిగొస్తుంది, నడుముకీ పిరుదులకీ పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చివరికి చర్మవైద్యుడు కూడా ఒకటికి రెండుసార్లు చూసి పోల్చుకోవాల్సి వస్తుంది. నెలల తరబడి అదే పూస్తే చర్మం పలచబడి తొడల్లో తెల్లటి చారలు పడతాయి. ఆ చారలు పోవు. ఈ వాడకం ఎంత ముదిరిందంటే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోకి తెచ్చింది. దీనికి తోడు మందుకు లొంగని తామర ఫంగస్ ఒకటి మన దేశంలో విస్తరించింది. 2020లో శాస్త్రవేత్తలు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, అందులో మన దేశం పేరు కూడా కలిసింది. ఒకప్పుడు తామరకు వాడితే సరిపోయిన టెర్బినాఫిన్ అనే మందు ఇప్పుడు చాలామందిలో పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

తామర వచ్చినవాడు చేయాల్సింది చర్మవైద్యుడికి చూపించుకోవడం, ఆయన ఎన్ని వారాలు వాడమంటే అన్ని వారాలూ వాడటం. మచ్చ కనపడకుండా పోయినంత మాత్రాన ఫంగస్ పోయినట్టు కాదు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్ళకూ కలిపే వైద్యం చేయించాలి, లేకపోతే భార్యాభర్తలు ఒకరికొకరు అంటించుకుంటూనే ఉంటారు. తువ్వాలు ఎవరిది వాళ్ళదే. లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, కుట్ల మీద ఇస్త్రీ పెట్టె నొక్కాలి. బాత్రూం తలుపు మీద ఆరీ ఆరకుండా ఉన్న డ్రాయరు వేసుకోవడమంటే ఫంగస్‌ను పిలిచి పీట వేయడమే. అన్నిటికంటే మొండిది మొలతాడు. చెమట, సబ్బు, మురికి పీల్చుకుని ఏళ్ళ తరబడి నడుముకు అంటిపెట్టుకుని ఉండే ఆ దారంలో ఫంగస్ హాయిగా బతుకుతుంది. చికిత్స జరిగినన్నాళ్ళూ దాన్ని తీసేయమంటారు వైద్యులు. మగవాడు మొలతాడు తీయకూడదని పట్టుబట్టే ఇళ్ళలో కనీసం పాతది తెంపి కొత్తది కట్టాలి, తగ్గాక ఇంకోసారి మార్చాలి.

గజ్జల్లో వెంట్రుకలను బ్లేడుతో నున్నగా గీయాలా అన్నది కుర్రాళ్ళు ఎవరినీ అడగలేక తమలోనే పెట్టుకునే ప్రశ్న. అక్కర్లేదు. బ్లేడు వల్ల కంటికి కనపడని గీతలు పడతాయి, సూక్ష్మజీవులకు అవి తలుపులు. విడిగా ఉంచుకున్న ట్రిమ్మరుతో పొట్టిగా కత్తిరిస్తే చాలు.

అవే స్టెరాయిడు ట్యూబులు మొహానికీ ఎక్కుతున్నాయి, తెల్లబడతామని. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. అక్కచెల్లెళ్ళ క్రీము దొంగచాటుగా వాడే మగవాళ్ళ కోసమే అన్నట్టు 2005లో ఇమామీ కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చింది, షారుఖ్ ఖాన్ ప్రచారం చేశాడు. విమర్శలు పెరిగాక 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. పెళ్ళిచూపుల్లో చామనఛాయ ఇప్పటికీ చర్చకొస్తూనే ఉంది కాబట్టి పేరు మారినా గిరాకీ పోలేదు. స్టెరాయిడు రాసిన మొహం మొదట్లో నిగనిగలాడుతుంది. ఆ తర్వాత మొటిమలు, ఎర్రదనం, ఎండ సోకితే మంట. ఆపుదామంటే అన్నీ రెట్టింపవుతాయి. రోజంతా బండి మీద తిరిగే మనిషికి తెల్లబడే క్రీము కంటే ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ పనికొస్తుంది. మొహానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండుకున్నంత రాయాలి. శనగగింజంత రాసి పనిచేయలేదనడం అన్యాయం.

తల మీదికి వస్తే, హెల్మెట్ల వల్ల బట్టతల వస్తుందన్న భయం ఊరూరా ఉంది. బట్టతల వంశం నుంచీ హార్మోన్ల నుంచీ వస్తుంది. హెల్మెట్ కింద చెమటకు చుండ్రు పెరగొచ్చు, దానికి కీటోకొనజోల్ షాంపూ ఉంది. నురగ రాగానే కడిగేయకుండా అయిదు నిమిషాలు ఉంచాలి. రాలే జుట్టుకు మినాక్సిడిల్ పనిచేస్తుంది, కాని మొదటి వారాల్లో ఇంకాస్త రాలుతుంది. అక్కడే చాలామంది బెదిరి మానేస్తారు. నాలుగు నెలలైనా వాడకుండా తీర్పు చెప్పకూడదు. గుణం కనిపించాక మానేస్తే వచ్చిన జుట్టు పోతుంది. జుట్టు నాటించుకునేవాళ్ళు అది శస్త్రచికిత్స అని మరవకూడదు. యూట్యూబు చూసి, వర్క్‌షాపుకు వెళ్ళి నేర్చుకున్నంత మాత్రాన దాన్ని చేసే అర్హత రాదని 2022లో నేషనల్ మెడికల్ కమిషనే చెప్పాల్సి వచ్చింది.

జుట్టుకు రంగు వేసుకునేవాళ్ళకు ఒకే మాట. చాలా నల్లరంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, నల్ల హెన్నా అని అమ్మే పొట్లాల్లోనూ. కొందరికి అది పడదు. ఏళ్ళ తరబడి పడ్డవాళ్ళకు కూడా హఠాత్తుగా పడకపోవచ్చు. చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూడాలి. కూతురి పెళ్ళి రేపనగా మీసానికి కొత్త రంగు వేసి, ముహూర్తానికి ఉబ్బిన మొహంతో కన్యాదానం చేయడం కంటే నెరిసిన మీసమే అందం.

కాళ్ళ మాట ఎవరూ ఎత్తరు. మడమల పగుళ్ళకు యూరియా ఉన్న క్రీము రాత్రిపూట రాసి సాక్సు వేసుకుంటే రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. కాలిగోళ్ళు మూలల్లోకి తవ్వకుండా అడ్డంగా కత్తిరించాలి, లేకపోతే గోరు మాంసంలోకి దిగుతుంది. షుగరు ఉన్నవాళ్ళకు ఇవి సోకులు కావు, ప్రాణావసరాలు. అరికాలికి స్పర్శ తగ్గిపోయిన మనిషికి చెప్పులో మేకు గుచ్చుకున్నా తెలియదు. రోజూ రాత్రి అరికాళ్ళ కింద అద్దం పెట్టి చూసుకోవాలి, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. ఆనెకాయలను బ్లేడుతో చెక్కుకునే అలవాటు యాభై దాటిన మగవాళ్ళలో బాగా ఉంది. ఆ పని షుగరు మనిషి చేయనే కూడదు.

చివరికి సెలూన్. తెలుగు రాష్ట్రాల్లో మంగళవారం చాలాచోట్ల మూత, ఆదివారం పొద్దున్న తిరనాళ్ళు. ఆ రద్దీలో తువ్వాలు మార్చే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి, వీలైనవాళ్ళు వారం మధ్యలో మధ్యాహ్నం పూట వెళ్ళడం మేలు. కత్తిలో కొత్త బ్లేడు తన కళ్ళ ముందే విరిచి పెట్టమని అడగడం అనుమానించడం కాదు. హెపటైటిస్ బి, సి రక్తం అంటిన బ్లేడు ద్వారా పాకగలవు. అందరి మొహాల మీదా తిరిగిన పటిక బిళ్ళ కూడా వద్దనాలి. గడ్డం గాట్లకు పటిక మంచిదే, ఎవరిది వాళ్ళకు ఉంటే. తలకు మసాజు చేశాక మెడను టక్కున విరిచే విద్య ఒకటుంది, దానికి అభిమానులూ ఎక్కువే. మెడలోంచి మెదడుకు వెళ్ళే రక్తనాళం ఆ కుదుపుకు చీలి పక్షవాతం వచ్చిన కేసులు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. "మెడ వద్దు" అని కుర్చీలో కూర్చోగానే చెప్పేస్తే సరి.

చెప్పే తీరు కూడా చూసుకోవాలి. కంఠం మీద కత్తి పెట్టించుకునేంత నమ్మకం ఉంచిన మనిషిని, తనకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి "ఏరా" అని పిలిచే ఖాతాదారులు ఇప్పటికీ ఉన్నారు. నాయీబ్రాహ్మణులను కించపరిచే పిలుపులు వాడకూడదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే సంస్కారం ఏ మట్టంలో ఉందో ఊహించుకోవచ్చు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం చేశారు, బిల్లు తగ్గింది. మర్యాద పెంచే పని మాత్రం కుర్చీలో కూర్చునేవాడిదే.

పైగా, మగవాడు తనకు తానుగా ఎన్నడూ చూసుకోలేని చోట్లను నెలకోసారి వెలుగులో చూసేది ఆ మనిషే. తల వెనక రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడి నున్నగా కనిపిస్తే, "పేనుకొరుకుడులా ఉందన్నా" అని మొదట చెప్పేది సెలూన్లోనే. పేను కొరకడం వల్ల వచ్చేది కాదది. ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున వెంట్రుక కుదుళ్ళ మీద పడటం వల్ల వస్తుంది, గడ్డంలోనూ రావచ్చు. వెల్లుల్లి రుద్దితే పుండు పడుతుంది. చర్మవైద్యుడికి చూపిస్తే పైపూతలో, మచ్చలోకి చిన్న సూదిమందులో ఇస్తారు. చిన్న మచ్చలైతే చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ జుట్టు మొలుస్తుంది. మొదట తెల్లగా వచ్చినా కంగారు పడక్కర్లేదు, నలుపు తర్వాత అదే వస్తుంది.